గేటు దగ్గర మామయ్య

"నేనేమీ అనలేదు కదా!" అంది ఆమె, యూనిఫాం చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"అదే నేనూ చెప్తున్నా. నువ్వేమీ అనలేదు," అన్నాడు భర్త.

టీ పొంగి స్టవ్ మీద పడింది. ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు. చివరికి అత్తగారే లేచి వచ్చి, స్టవ్ కట్టేసి, గిన్నె దించి, ఇద్దరి మొహాలూ ఒకసారి చూసి, మళ్ళీ వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

నిన్న సాయంత్రం నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస. ఒక మాట, దానికో ఎదురుమాట, ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు. కూతురు పండు కూడా స్కూలు బ్యాగు తగిలించుకుని చప్పుడు చెయ్యకుండా గుమ్మంలో నిలబడింది. ఆరేళ్ళ పిల్ల చప్పుడు చెయ్యకుండా నిలబడిందంటే ఇంట్లో గాలి ఎలా ఉందో వేరే చెప్పక్కర్లేదు.

అతను పనిచేసేది వీధి చివర డే-కేర్‌లో. రెండేళ్ళ, మూడేళ్ళ పిల్లల గది అతనిది. అన్నం తినిపించడం, ముక్కులు తుడవడం, మధ్యాహ్నం అందర్నీ వరసగా పడుకోబెట్టడం. పిల్లలు మామయ్యా అని పిలుస్తారు. వాళ్ళని చూసి అమ్మానాన్నలు కూడా మామయ్యగారూ అనడం మొదలుపెట్టారు. నిన్నటి మీటింగులో మాత్రం ఆ వరస కాస్తా పోయి, మగవాడు అన్న మాట ఒక్కటే మిగిలింది.

మాట లేవనెత్తింది మందుల షాపాయన. వీళ్ళ బిల్డింగులోనే పై అంతస్తులో ఉంటాడు. మర్యాదస్తుడు. గొంతు కూడా పెంచలేదు.

"ఆయన మీద నాకు ఫిర్యాదేమీ లేదండీ. మంచి మనిషి. కానీ పిల్లలు పడుకునే గదిలో మగమనిషి ఎందుకు? పేపర్లో రోజూ చూస్తూనే ఉన్నాం," అన్నాడు. ఇంకో ఇద్దరు తలలూపారు.

పండు కూడా స్కూలు వదిలాక అక్కడే ఉంటుంది కాబట్టి ఆమె కూడా ఆ మీటింగుకి వెళ్ళింది. ఆయన ఆమె వైపు తిరిగాడు.

"మీరూ ఆడపిల్ల తల్లే. ఆయన మీ ఆయన కాకుండా, ముక్కూ మొహం తెలియని మగవాడెవరో అయితే, మీ పాపని ఆ గదిలో వదులుతారా?"

ఆమె నోరు తెరిచింది. మాట పెగల్లేదు. గదిలో అందరూ చూశారు. అతనూ చూశాడు.

డే-కేర్ మేడమ్ గొంతు సవరించుకుని, "కొన్నాళ్ళు ముందు వైపు చూసుకో నాయనా. గేటు దగ్గర కూడా మనిషి కావాలి, ఆఫీసు పని కూడా ఉంటుంది," అంది. మీటింగు అయిపోయింది.

ఇప్పుడు అత్తగారు కుర్చీలోంచి అందుకుంది. "ఇన్నాళ్ళూ పక్కింటివాళ్ళకి మా వాడు స్కూల్లో ఆఫీసు పని చేస్తాడనే చెప్పుకొచ్చాను. నిన్నటితో అది నిజమైంది."

"సంతోషమే కదమ్మా నీకు," అన్నాడు కొడుకు.

"వస్తుందేమో అని చూశాన్రా. రాలేదు."

అతను పండు చెయ్యి పట్టుకుని చెప్పులేసుకున్నాడు.

"నువ్వు పనికి వెళ్తున్నావా మరి?" అంది ఆమె. భర్తని నువ్వు అనడం గురించి అత్తగారు పెళ్ళైన కొత్తలో బోలెడు మూతి ముడిచింది. తర్వాత విసుగొచ్చి మానేసింది.

"గేటు తియ్యడానికే కదా? వెళ్తా. ఆ పనికి మగవాడైతే ఎవరికీ అభ్యంతరం లేదుట."

---

డిపోలో ఆమెని అందరూ డ్రైవరమ్మ అంటారు. ఆ పేరు మొదట్లో ఎగతాళిగా పెట్టిందే. అరిగి అరిగి మామూలు పేరైపోయింది.

ఆ రోజు పొద్దుట్నుంచీ వాన. బస్టాండులో పెట్టె పట్టుకున్న ఒకాయన ఎక్కి, ఆమెనీ స్టీరింగునీ మార్చి మార్చి చూసి, "డ్రైవరు టీకి వెళ్ళాడా?" అని కండక్టర్ని అడిగాడు.

"లేదండీ, తాగే వచ్చి కూర్చుంది. టీయే లెండి," అన్నాడు కండక్టరు.

వాళ్ళిద్దరికీ ఇది అలవాటైన జోకు. అద్దంలో ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. ఇవాళ ఆమె అద్దంలోకి చూడలేదు.

చివరి స్టాపులో బస్సు ఖాళీ అయ్యాక కండక్టరు వచ్చి ముందు సీట్లో కూలబడ్డాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది.

"ఏంటమ్మా, నోటికి తాళం వేశావు ఇవాళ?"

"బాబాయ్, మొదట్లో నాతో డ్యూటీ వేసినప్పుడు నీకేమనిపించింది?"

"నిజం చెప్పనా, అబద్ధం చెప్పనా?"

"ముందు అబద్ధం చెప్పు."

"గర్వంగా అనిపించింది."

"నిజం?"

"వెనక తలుపు దగ్గరే నిలబడేవాణ్ణి. ఏమన్నా అయితే దూకేద్దామని."

ఆమెకి నవ్వు వచ్చింది. నవ్వుతూనే, "ఎన్నాళ్ళు నిలబడ్డావు?" అంది.

"అది నాకూ తెలీదు. ఒకరోజు చూసుకుంటే సీట్లో కూర్చుని కునుకు తీస్తున్నా. మళ్ళీ ఆ తలుపు సంగతే గుర్తురాలేదు."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్తే ఏం చేసేదానివి? నా భయం నేను పడ్డాను, నీ బస్సు నువ్వు నడిపావు. నీ చేతిలోంచి స్టీరింగయితే ఎవరూ లాక్కోలేదుగా?"

ఆయన మామూలుగానే అన్నాడు. అని, టిక్కెట్ల మిషను తుడుచుకోవడంలో పడ్డాడు.

ఆమె ఇంజను స్టార్ట్ చేసింది. ఆడదాని చేతికి బస్సా అన్నవాళ్ళని ఇన్నేళ్ళూ చూస్తూనే ఉంది. వాళ్ళని తిట్టుకుంది, ఇంటికొచ్చి భర్త దగ్గర ఏడ్చింది. అప్పుడు అతనేం చేసేవాడు? పిండి కలుపుతూనో బట్టలు మడతపెడుతూనో అంతా వినేవాడు. రేపు మళ్ళీ నడుపు, అలవాటు పడతారు అనేవాడు. తనకి ఆ ఓపిక అతని దగ్గర్నుంచే వచ్చింది.

అలాంటి మనిషి చేతిలోంచి నిన్న స్టీరింగు లాక్కుంటుంటే, పక్కనే కూర్చుని చూసింది.

పైగా, ఆ క్షణంలో తను భయపడి ఊరుకోలేదు, మొహమాటపడీ ఊరుకోలేదు. ఆ ప్రశ్నకి లోపల్నుంచి జవాబు వచ్చేసింది. వదలను అని. అది పైకి రాకుండా పళ్ళు బిగబట్టింది. అంతే జరిగింది. ఈ సంగతి భర్తకి ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు.

---

సాయంత్రం డ్యూటీ దిగి తిన్నగా డే-కేర్‌కి వెళ్ళింది.

గేటు లోపల ఒక స్టూలు. స్టూలు మీద అతను. చేతిలో తాళాల గుత్తి. ఆమెని చూసి లేచి గేటు తీశాడు, వచ్చిన అందరికీ తీసినట్టే.

"పండు లోపల బొమ్మలేస్తోంది. పిలుస్తారు," అన్నాడు.

అప్పుడే చిన్నపిల్లల గదిలోంచి బుల్లి బయటికి పరుగెత్తుకొచ్చింది. మందుల షాపాయన కూతురు. మూడేళ్ళుంటాయి. "మామయ్యా!" అని అరుచుకుంటూ వచ్చి, ఎత్తుకోమని రెండు చేతులూ పైకి చాపింది.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. చేతులు రెండూ వెనక్కి పోయాయి.

"అటు చూడమ్మా, నాన్న వచ్చాడు," అన్నాడు.

అదేదో కొత్త ఆట అనుకుంది బుల్లి. చేతులెక్కడ దాచాడో చూద్దామని అతని వెనక్కి వెళ్ళింది. అతను ఇటు తిరిగాడు. అది మళ్ళీ వెనక్కి వెళ్ళింది. అతను మళ్ళీ తిరిగాడు. పిల్ల పకపకా నవ్వుతోంది. అతను నవ్వడానికి ప్రయత్నిస్తున్నాడు.

మందుల షాపాయన గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ముందు మర్యాదకి ఒక నవ్వు నవ్వాడు. ఆట ఆగకపోయేసరికి ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గొడుగు మూశాడు. వానలో మూశాడు.

"రామ్మా, ఇంటికెళ్దాం. అమ్మకి నీరసంగా ఉంది," అని బుల్లిని తనే ఎత్తుకున్నాడు.

ఆమె ఆయన దగ్గరికి వెళ్ళింది.

"నిన్న మీరడిగినదానికి నేను జవాబు చెప్పలేదు."

"అయ్యో, అదేం లేదమ్మా, ఏదో మాటవరసకి..."

"వదలను. ముక్కూ మొహం తెలియని మగవాడైతే మా పాపని వదలను. అదీ నా జవాబు."

తాళాల గుత్తి గలగలమంది. ఆమె అటు చూడలేదు.

"కానీ పొద్దుట్నుంచీ ఇంకో సంగతి ఆలోచిస్తున్నా. ఆడమనిషి అయితే వదిలేసేదాన్ని. వదిలాను కూడా. లోపల వంట చేసే ఆవిడ పేరేమిటో నాకు తెలీదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. పండు ఆవిడ ఒళ్ళో కూర్చుని తింటుంది. నేనొక్కరోజు కూడా అడగలేదు. మీరడిగారా?"

"లేదు," అన్నాడాయన. "మీరు చెప్పింది సబబే. నా భయం కూడా అబద్ధం కాదు కదమ్మా. చెప్తే పోయేదా?"

"పోదు. ఉండనీండి. గదికి అద్దం తలుపు పెట్టించమనండి. ఎప్పుడూ ఇద్దరుండాలని నియమం పెట్టమనండి. అందరికీ కలిపి పెట్టమనండి, ఈయనొక్కడికే కాదు."

"మేడమ్‌తో మాట్లాడదాం లెండి," అన్నాడు ఆయన. ఆ మాట ఇక వదిలేద్దాం అన్నట్టు వినిపించింది. బుల్లి తండ్రి భుజం మీంచి మామయ్యకి టాటా చెప్తూనే ఉంది.

---

ఇంటికి నడిచేటప్పుడు పండు ముందు పరుగెత్తి నీళ్ళ గుంటల్లో దూకుతోంది. ఇద్దరూ ఒకే గొడుగులో ఉన్నారు. అతని కుడి భుజం, ఆమె ఎడమ భుజం తడిసిపోతున్నాయి.

"ఎందుకు చెప్పావు?" అన్నాడు అతను.

"ఏది?"

"వదలను అని."

"నిజం కాబట్టి."

"నిజమేలే. నువ్వు నోరు మెదపకపోతే ఒక రకం బాధ, మెదిపితే ఇంకో రకం. నా సంగతి నేనే తేల్చుకోలేకపోతున్నా, నిన్నేమనను?"

ఆమె కాస్త దూరం నడిచాక అడిగింది. "ఆ చేతులేంటి వెనక్కి పెట్టుకున్నావు? ముట్టుకోవద్దని మేడమ్ చెప్పిందా?"

"మేడమ్ చెప్పలేదు."

"మరి?"

"ఎవరూ చెప్పలేదు. వాటంతటవే వెళ్ళాయి."

పండు గుంటలోంచి గుంటలోకి దూకి, చూశారా లేదా అని వెనక్కి తిరిగింది. ఇద్దరూ తలలూపారు.

"పొద్దున దానికి బూట్లు వేస్తున్నానా," అన్నాడు అతను, "కిటికీ రెక్క తీసి ఉందో లేదో అని చూసుకున్నా. మూసి ఉంటే ఎవరన్నా ఏమన్నా అనుకుంటారేమో అని. నా ఇంట్లో. నా కూతురికి బూట్లు వెయ్యడానికి."

ఆమె కాళ్ళు ఆగిపోయాయి. అతను ఆగలేదు. గొడుగు అతనితో పాటు ముందుకు వెళ్ళిపోయింది. రెండడుగులు వేశాక తెలుసుకుని నిలబడి, గొడుగు వెనక్కి చాపాడు. ఆమె వచ్చి దాని కింద చేరింది. గొడుగు కర్ర మీద అతని చేతిని పట్టుకుంది. ఇల్లు వచ్చేదాకా అలాగే నడిచారు.

---

దీపాలు పెట్టే వేళకి వాన ఇంకా పెరిగింది. పండు రొట్టె తింటోంది. తలుపు మీద దబదబా బాదిన చప్పుడు.

ఆమె తీసింది. మందుల షాపాయన. భుజాన బుల్లి, చేతిలో కారు తాళం. ఎప్పుడూ దువ్విన జుట్టు దువ్వినట్టే ఉండే మనిషి, చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు.

"మా ఆవిడకి నొప్పులొచ్చాయి. ఇంకా టైముంది, ఇంకా నెల ఉంది. అంబులెన్సు వంతెన కింద నీళ్ళలో ఆగిపోయిందిట. నేను నడుపుదామనుకుంటే," చెయ్యి చూపించాడు. తాళం చెవి వణుకుతోంది. "మీరు కాస్త..."

ఆమె అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. తాళం తీసుకుంది.

"పాపని," అంటూ ఆయన లోపలికి చూశాడు. ఆయన చూపు అతన్ని దాటి వెళ్ళి కుర్చీలో ఉన్న అత్తగారి మీద ఆగింది. "పెద్దమ్మగారూ, పాప మీ దగ్గరుంటుంది."

అత్తగారు లేచింది. వచ్చి పాపని తీసుకుంటుందనుకున్నారు. ఆవిడ గోడకి తగిలించిన శాలువా తీసి కప్పుకుంది.

"నేనూ వస్తున్నా. కడుపుతో ఉన్న పిల్ల, వెనక సీట్లో ఒక్కతీ ఏం పడుకుంటుంది? ఆడతోడు ఉండొద్దూ?"

"మరి పాప?"

"మా వాడున్నాడుగా. పిల్లల్ని చూసుకోవడమే వాడి ఉద్యోగం."

ఎదురింటి తలుపు తెరిచి ఉంది. గొడవేమిటా అని పక్కింటావిడ కూడా గుమ్మంలోకి వచ్చింది. ఆవిడకి కూడా వినిపించేలాగే అంది అత్తగారు.

"నేను ఉంచుకోను," అన్నాడు అతను.

అందరూ అటు తిరిగారు. అతను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కోపంగా అనలేదు.

"ఇవాళ గత్యంతరం లేక ఇస్తున్నారు. రేపు గండం గడిచాక మీకు ఏ అనుమానం వస్తుందో నాకు తెలీదు. పాప మోకాలు గీరుకున్నా నేను జవాబు చెప్పుకోలేను. వద్దండీ. నన్ను వదిలెయ్యండి."

బుల్లి తండ్రి భుజం మీంచి జారి కిందికి దిగి, పండు పక్కన చేరి, రొట్టెలో సగం ఇమ్మని చెయ్యి చాపింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఆయన భార్య కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతోంది. ఆమె పరుగున వెళ్ళి ఆవిణ్ణి పట్టుకుంది.

"అన్నయ్యా," అంది ఆవిడ, ఊపిరి కూడదీసుకుని. "మీరన్నదంతా విన్నాను. నిన్న నేనూ ఆ మీటింగుకి వచ్చుంటే ఏమనేదాన్నో నాకు తెలీదు. ఈయన మాటకి తలూపేదాన్నే కావచ్చు. నేను గొప్పదాన్నని చెప్పడానికి రాలేదు. ఇప్పుడు మాత్రం నేనడుగుతున్నా, ఈయన కాదు. ఉంచుకుంటారా? కష్టమైతే కష్టమని చెప్పండి. దాన్ని కూడా కార్లో వేసుకుని పోతాం. మిమ్మల్నేమీ అనుకోను."

అంటూనే కమ్మీని గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది.

అతను పిల్లలిద్దర్నీ చూశాడు. చాలాసేపు చూసినట్టనిపించింది ఆమెకి. నిజానికి అంత వ్యవధి ఎక్కడిది?

"ఉంచుకుంటా. మీరు వెళ్ళండి," అన్నాడు.

కారు గుమ్మం ముందుకి తెచ్చేసరికి ఆమె కూడా తడిసి ముద్దయింది. వెనక సీట్లో ఆవిడ, ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని అత్తగారు. ముందు సీట్లో మందుల షాపాయన. ఆమె వైపర్లు వేసి, హెడ్‌లైట్లు వేసింది.

ఆ వెలుగు బిల్డింగు ముందు మెట్ల మీద పడింది.

అతను పిల్లలిద్దర్నీ తీసుకుని బయటికి వచ్చేశాడు. మెట్ల పైన, ట్యూబులైటు కింద, దారిన పోయేవాళ్ళకీ ఎదుటి కిటికీల వాళ్ళకీ అందరికీ కనపడేచోట దుప్పటి పరిచి ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. తను వాళ్ళకి అంత దూరంలో ఇంకో మెట్టు మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. వాన జల్లు దుప్పటి అంచు దాకా వస్తోంది.

"వీడికేం వచ్చింది? ఇంట్లో కూర్చోక చలిలో పిల్లల్నేసుకుని అక్కడెందుకు కూర్చున్నాడు?" అంది అత్తగారు అద్దానికి మొహం ఆనించి.

మందుల షాపాయన అద్దం దించాడు. జల్లు మొహాన కొట్టింది. "ఏమండీ! లోపలికి," అని అరిచాడు. మిగతా మాట వాన హోరులో కలిసిపోయింది. మెట్ల మీద అతను తలెత్తాడు గానీ, విన్నాడో లేదో తెలియలేదు. లేవలేదు.

వెనక నుంచి ఆవిడ గట్టిగా మూలిగింది.

"పోనివ్వమ్మా, పోనివ్వు!" అంది అత్తగారు.

ఆమె గేరు వేసింది.